ఫలకం మీద రాసిన దత్తత

సాతారా గురువార పేటలో బబన్ పిండిగిర్నీ గోడకు ఒక నల్లబల్ల ఉంది. పేటంతా దాన్ని ఫలకం అంటుంది. జొన్నల డబ్బా వరుసలో పెట్టి నిలబడ్డవాళ్లకు చూడడానికి ఇంకేమీ ఉండదు కనుక, దాని మీద ఏం రాసి ఉంటే అది చదువుతారు. నలభై మూడేళ్లుగా దాని మీద రాసింది ఒకే చెయ్యి. విష్ణు ధోండిబా శేడ్గే చెయ్యి. పేటకు ఆయన తాత్యా.

తాత్యా గురించి చెప్పాలంటే ముందు ఆయన చేసిన పనులు చెప్పాలి. ఒకే గది, ఒకే పంతులు ఉన్న పల్లెటూరి బడిలో చదివి, ఏడో తరగతి ఫైనల్ పరీక్షలో తాలూకా మొత్తానికి రెండోవాడిగా వచ్చిన మనిషి. ఆ మొదటివాడు తహసీల్దారు కొడుకు కాబట్టి తాత్యా లెక్కలో తనే మొదటివాడు. ముప్ఫై నాలుగేళ్లు పురపాలక సంఘం సుంకం నాకాలో గుమస్తాగా కూర్చుని, బండ్లలో వచ్చిన సరుకులోంచి ఒక్క జామకాయ కూడా తీసుకోలేదు. ఫలకం మీద వరసగా పదిహేడు రోజులు మురుగు కాలువ సంగతే రాస్తే, పద్దెనిమిదో రోజు ఆ కాలువ మీద బండలు పడ్డాయి. గిర్నీ ముందు బీడీలు మానిపించింది ఆయనే. పేటలో సగం ఇళ్లు పొద్దుటి పూట బేకరీ పావ్ వదిలి మళ్లీ ఇంట్లో కాల్చే జొన్న రొట్టెకి, భాకరీకి వచ్చాయంటే అదీ ఆయన సుద్దముక్క మహిమే. అన్నిటికంటే గొప్పగా చెప్పుకునేది ఇంకొకటి ఉంది. అక్షరం ముక్క రాకుండా కాపురానికి వచ్చిన ఆయన భార్య హౌసాబాయి, రోజూ గిర్నీకి వచ్చిపోతూ ఆ ఫలకం చూసి చూసి రెండేళ్లలో చదవడం నేర్చుకుంది. "బడి లేదు, పంతులు లేడు, నా ఫలకమే," అనేవాడు తాత్యా. పక్కన భార్య ఉంటే ఆమె కొంగు సర్దుకుని లోపలికి పోయేది.

ఆయన రాసేవి పెద్ద పెద్ద సంగతులు కావు. చాయ్‌లో చక్కెర సగం చేయండి, మందుల దుకాణానికి తిరగడం సగమవుతుంది. ముద్దను మింగకండి, నమలండి. అన్నం తిన్నాక వంద అడుగులు నడవండి. పక్కింటివాళ్ల కూర వాసన బాగుంటే బాగుందని చెప్పండి. ప్రతి సంగతి మీదా ఆయనకొక అభిప్రాయం ఉండేది, అభిప్రాయం లేని సంగతి కనిపిస్తే రాత్రంతా ఆలోచించి పొద్దుటికల్లా ఒకటి తయారుచేసేవాడు. ఒక నియమం మాత్రం ఎప్పుడూ తప్పలేదు. ఫలకం మీద ఒక్క ఇంగ్లీషు మాట పడకూడదు. సెల్‌ఫోను పక్కన పెట్టి తినమని చెప్పడానికి 'భ్రమణధ్వని' అని రాశాడు. ఫ్యాను కట్టేసి తినమంటున్నారేమో అనుకుని పేటవాళ్లు ఎండాకాలంలో రెండు రోజులు చెమటలు కక్కుకుంటూ తిన్నారని బబన్ ఇప్పటికీ చెబుతాడు.

పొద్దున అయిదున్నరకు తడిగుడ్డతో నిన్నటిది తుడవడం, ఆరేలోపు ఇవాళ్టిది రాయడం. పదిహేను వేలకు పైగా రాశాడు. తుడిచినదాన్ని తలుచుకోవడం ఆయనకు అలవాటు లేదు. నిన్నటిది నిన్నటితో పోయింది, ఇవాళ రాయాల్సింది చూడాలి అనేవాడు. రాసిందాన్ని మర్చిపోవడం కూడా ఆయన లెక్కలో ఒక క్రమశిక్షణే.

ఆ నలభై మూడో ఏడు వానాకాలం మొదట్లో ఋతుజా అనే అమ్మాయి తాత్యాను వెతుక్కుంటూ గిర్నీకి వచ్చింది. ఊరి బయట వీధికుక్కలకు ఒక ఆశ్రయం నడుపుతోంది. ఆ స్థలం గలవాడు ఇల్లు కట్టుకుంటానని ఖాళీ చేయమన్నాడు. పన్నెండు కుక్కలు ఉన్నాయి, నెలాఖరుకు వాటికి ఇళ్లు దొరకాలి. దొరక్కపోతే ఎక్కడి నుంచి తెచ్చిందో అక్కడే, ఆ రోడ్ల మీదే వదిలేయాలి. కొన్నిటికి అక్కడ బతికే సత్తువ లేదు.

"తాత్యా, మీరు ఫలకం మీద అడాప్షన్ అని రాయండి చాలు. కొనకండి, అడాప్ట్ చేసుకోండి అని. మీ మాట పేట వింటుంది," అంది.

తాత్యా ముఖం చిట్లించాడు. ఇంగ్లీషు మాట రాయడం కుదరదన్నాడు. పెంచుకోండి అని రాయండి అంటే, అది పలచగా ఉంటుంది, ఎవరి గుండెకూ తగలదు అన్నాడు. సుద్దముక్క చేతిలో తిప్పుతూ కాసేపు నిలబడి, "దత్తత అని ఒక మాట మనకుంది కదమ్మా. దానికంటే బరువైన మాట ఏముంది?" అన్నాడు. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టినంత పని చేసింది.

మర్నాడు ఫలకం మీద ఇలా పడింది. 'అంగడిలో జాతి కుక్కను కొనేవాడు వస్తువు కొన్నాడు. ఆశ్రయం నుంచి దిక్కులేని కుక్కను దత్తత తీసుకున్నవాడు ఇంటికి ఒక ప్రాణిని తెచ్చుకున్నాడు. తన కడుపున పుట్టనిదాన్ని తనదనుకోవడమే మనిషితనం.'

అది పని చేసింది. ఇస్త్రీ దుకాణంవాడు ఒకదాన్ని తీసుకున్నాడు. పెన్షనర్ల సంఘం కార్యదర్శి ఒకటి, ఆడపిల్లల హాస్టలు వంటావిడ ఒకటి. పది రోజుల్లో పదకొండు వెళ్లిపోయాయి. ఎవరి ఇంటికి ఏ కుక్క పోయిందో తాత్యా ఫలకం కింది అంచున రాస్తూ వచ్చాడు. ఆ పదకొండూ తన ఖాతాలో వేసుకుని గిర్నీ అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మిగిలిందల్లా ఒక్క ముసలి ఆడకుక్క. ఒక చెవి సగం తెగి ఉంది. వెనక కాళ్లు ఈడుస్తుంది.

గిర్నీ బబన్ పిండి దులుపుకుంటూ అందరి ముందూ అడిగాడు. "తాత్యా, ఊరందరికీ పెళ్లిళ్లు చేశారు, మీ ఇంట్లో పందిరి ఎప్పుడు?"

వరుసలో నవ్వులు. ఇంకొకరు, తాత్యా నమలమని మనకు చెప్తాడు, ఆయన మింగుతాడు అన్నారు. తాత్యా లేచి పంచె సర్దుకున్నాడు. ఇంత చిన్న పనికి ఇన్ని మాటలెందుకన్నాడు. ఆ సాయంత్రమే వెళ్లి, కాగితం మీద తన పేరు రాసి, కుక్కను తాడు పట్టుకుని మెల్లగా నడిపించుకుంటూ ఇంటికి వచ్చాడు. ఆ కాగితం మీద ఇంటి ఇల్లాలి సంతకం కూడా కావాలని ఋతుజా చెప్పింది. అదెంతసేపు అనుకున్నాడు.

హౌసా గడపలో ఉంది. కుక్కను చూసింది, చేతిలో కాగితం చూసింది.

"ఎవరిదండీ ఇది?"

"మనదే. దత్తత తీసుకున్నాను."

ఆమె చెయ్యి లేచి తలుపు చట్టం మీదికి వెళ్లింది. డెబ్భై ఏళ్ల మనిషి, మడత నలగని తొమ్మిది గజాల చీర, పెళ్లయిన యాభై రెండేళ్లలో ఆయన దారికి అడ్డం నిలబడటం అదే మొదటిసారి.

"ఈ ఇంట్లోకి దత్తతకి ఎవరూ రారు."

"ఏం మాటే అది? పేటంతా తీసుకుంటుంటే."

"నా మాట కాదండీ. మీదే," అంది హౌసా. తర్వాత ఫలకం ముందు నిలబడి చదువుతున్నట్టుగా, ఒక్కో మాట విడదీసి చెప్పింది. "రక్తం ఇచ్చి పుచ్చుకునేది కాదు. పరాయి బిడ్డను దత్తత తీసుకున్నవాడు ఆ బిడ్డనీ మోసం చేస్తాడు, తన ఇంటినీ మోసం చేస్తాడు. దేవుడు ఇవ్వనిదాన్ని మనిషి తెచ్చుకోకూడదు."

తాత్యా అర్థం కాక చూశాడు. ఎవరు రాశారది అని అడగబోయి, ఆ వాక్యాల నడక తనదేనని గుర్తుపట్టాడు. ఎప్పుడు రాశాడో మాత్రం గుర్తు లేదు.

"మర్చిపోయారా," అంది హౌసా. అడిగినట్టుగా లేదు. "నేను తడుముకోకుండా ఆఖరిదాకా చదివిన మొదటి ఫలకం అది. చదవడం వచ్చినందుకు ఆ రోజు నన్ను నేను తిట్టుకున్నాను."

తలుపు మూసుకుంది. గడియ పెట్టలేదు గాని, తాత్యా తోయలేదు. కుక్కను తీసుకెళ్లి బబన్ గిర్నీలో కట్టేశాడు.

తాడు ముడివేస్తుంటే గుర్తొచ్చింది. డెబ్భై ఎనిమిదో సంవత్సరం. హౌసా చెల్లెలు పురిటిలో పోయింది, మూడేళ్ల రంజనాను వదిలి. ఆ పిల్ల తండ్రి చెరకు కొట్టే కూలి, ఊరూరా తిరిగేవాడు. తమకు పెళ్లయి పదకొండేళ్లు, పిల్లలు లేరు. దాన్ని మనం తెచ్చుకుందామండీ అని హౌసా అడిగింది. భాకరీ కాలుస్తూ ఒకసారి, చాయ్ ఇస్తూ ఒకసారి, తొమ్మిది రోజులు అడిగింది. అప్పుడు తాత్యా అన్నదమ్ములు ఒకపక్క కూర్చుని ఉన్నారు. తీసుకుంటే మా కొడుకుల్లో ఒకణ్ణి తీసుకో, ఆడపిల్లనీ, అదీ అత్తారివైపు పిల్లనీ తెస్తే నీ గుమ్మం తొక్కేది లేదని చెప్పేశారు. అన్నలకు ఎదురు చెప్పే దమ్ము తాత్యాకు లేదు. భార్యకు లేదని చెప్పే దమ్మూ లేదు. పదో రోజు పొద్దున సుద్దముక్క తీసుకుని దాన్నొక అభిప్రాయంగా మార్చి గోడ మీద రాశాడు. హౌసా జొన్నలు పట్టించడానికి వెళ్లి, వరుసలో నిలబడి, తన జవాబు అక్కడ చదువుకుంది. ఇంటికి వచ్చి మళ్లీ అడగలేదు. అడగలేదు కాబట్టి సమాధానపడిందని ఆయన అనుకున్నాడు. మర్నాడు ఆకుకూరల గురించి రాసుకున్నాడు.

మూడు రోజులు హౌసా మాట్లాడలేదు. వండింది, వడ్డించింది, ఆయన ధోతి ఉతికింది. ఇంట్లో ఇన్నాళ్లూ ఉన్న శబ్దమంతా ఆమెదేనని తాత్యాకు అప్పుడు తెలిసింది. పాలవాడితో ఆమె బేరాలు, మిరపకాయల మీద ఆమె ఫిర్యాదులు, ఏమండీ విన్నారా అనే మాట. తను చెప్పేవన్నీ ఊరు విన్నది గాని, తనకు చెప్పేది ఈమె ఒక్కతే. ఈ వయసులో ఆమె ఇలాగే మాట్లాడకుండా వెళ్లిపోతే ఎలా అన్న భయం పట్టుకుంది. ఎలాగైనా ఆమెచేత మాట్లాడించాలి. ఆయనకు తెలిసిన దారి ఒక్కటే.

నాలుగో రోజు ఫలకం తుడిచి రాశాడు. 'నలభై ఒక్క ఏళ్ల కిందట ఈ గోడ మీద నేనొక తప్పు రాశాను. బిడ్డ మనదయ్యేది రక్తంతో కాదు, పెంపకంతో. ఆ మాటను ఇవాళ వెనక్కి తీసుకుంటున్నాను. విష్ణు ధోండిబా శేడ్గే.' కింద పేరు పెట్టడం నలభై మూడేళ్లలో అదే మొదలు. దాన్ని కూడా ఒక ఘనకార్యంగానే అనుకున్నాడు. రాశాక ఛాతీ కొంచెం విచ్చుకుంది.

పేట చదివింది. కుక్క కోసమే రాశాడనుకుంది. తాత్యా చివరి కుక్కకు ఎంత గట్టిగా ఓట్లడుగుతున్నాడో చూడండి అని బబన్ అన్నాడు. ఋతుజా ఫోటో తీసి వందమందికి పంపింది. బబన్ కోడలు ఆ ఫోటో పట్టుకుని హౌసా దగ్గరికి పరుగెత్తి, కాకూ, చూడండి, తాత్యా ఎంత బాగా రాశారో అని చదివి వినిపించింది.

మధ్యాహ్నం తాత్యా ఇంటికి వచ్చేసరికి హౌసా పీట మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. తల ఎత్తకుండా అంది.

"మళ్లీ ఊరికే చెప్పారు, నాకు కాదు."

మాట్లాడింది. దానికే ఆయనకు సగం ప్రాణం వచ్చింది. "తప్పు ఒప్పుకున్నాను కదే."

"ఎవరి దగ్గర? పిండి పట్టించుకోడానికి వచ్చినవాళ్ల దగ్గర. ఆ రోజు నేను అడిగింది మిమ్మల్ని. గోడ జవాబు చెప్పింది. ఇవాళ కూడా గోడే చెప్పింది. నేను కాపురం చేసింది ఎవరితోనండీ?"

తాత్యా ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. పదిహేను వేల ఫలకాలు రాసిన మనిషికి రెండు మాటలు నోట్లోంచి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చినవి కూడా సరిగ్గా రాలేదు.

"నాది... హౌసా, తప్పు నాది. అన్నలకి భయపడ్డాను. అది అభిప్రాయం కాదు. భయం."

హౌసా చేతిలో వెల్లుల్లి ఆగింది. తర్వాత చెప్పింది, ముప్ఫై ఏళ్లుగా దాచిపెట్టిన గొంతుతో కాదు, నిన్న బజారులో ఏం జరిగిందో చెప్పినట్టు.

"నాకెందుకు చెప్తారు. చెప్పాల్సిన పిల్ల లేదు."

"లేదంటే?"

"ఎనభై తొమ్మిదిలో రంజనా వచ్చింది, ఒక్కతే. పద్నాలుగేళ్లు. మీరు నాకాలో ఉన్నారు. మావషీ, పెద్దమ్మవి కదా, ఇక్కడే ఉంటాను, గిన్నెలు తోముతాను అంది. కడుపునిండా పెట్టాను. తలకు నూనె రాశాను. మీరొచ్చే వేళకి బస్సెక్కించాను. మీకు ఇష్టం లేదని నాకు రాతపూర్వకంగా తెలుసు కదా." ఆ మాట అంటున్నప్పుడు కొంచెం నవ్వినట్టుంది. "మరుసటి ఏడాది రహిమత్‌పూర్ అవతల చెరకు కూలీల మకాంలో జ్వరమొచ్చి పోయింది. కాలువ పక్కనే కాల్చారంట. నెల తర్వాత బజారులో మా పిన్ని చెప్పింది. మన పిల్ల కాదు గదా, మైల పట్టడానికి లేదు. అయినా పది రోజులు పట్టాను. ఒంటిపూట తిన్నాను. మీరు చూశారు కూడా. ఆడవాళ్లు ఉపవాసాలు ఎక్కువ చేసి ఒళ్లు పాడుచేసుకుంటారని ఫలకం మీద రాశారు."

తాత్యా ఏదో అనడానికి నోరు తెరిచాడు గాని, వచ్చేది మళ్లీ ఒక అభిప్రాయమే అవుతుందని భయమేసింది. వెల్లుల్లి పొట్టు ఇంట్లో అటూ ఇటూ ఎగురుతుంటే దాన్ని చేత్తో ఒకచోటికి చేర్చసాగాడు.

"కుక్కను తెచ్చుకోండి," అంది హౌసా కాసేపటికి. "దాని తప్పేముంది. గిర్నీలో పిండి పీల్చి దగ్గుతోందంట. ఆ కాగితం మీద మాత్రం నా సంతకం అడక్కండి. ఆ మాట ఉన్న కాగితం మీద నేను పెట్టను."

సంతకం లేకుండానే ఋతుజా ఒప్పుకుంది. కుక్క వచ్చి నడవాలో, చెప్పుల పక్కన పడుకుంది. హౌసా దానికి భాకరీ పాలలో నానబెట్టి పెట్టింది. పేరేమీ పెట్టలేదు. ఇద్దరి మధ్యా మాటలు మళ్లీ అంతే. భోజనానికి రండి, వానొచ్చేలా ఉంది, బట్టలు తీయండి. అంతకుమించి ఒక్కటి లేదు.

మర్నాడు ఫలకం మీద ఏమీ లేదు. ఆ మర్నాడూ లేదు. తాత్యాకు ఒంట్లో బాగాలేదేమోనని బబన్ వచ్చి చూసి వెళ్లాడు. మూడో రోజు పొద్దున తాత్యా ఉతికిన టోపీ పెట్టుకుని, ఎక్కడికని హౌసాకు చెప్పకుండా, స్టాండులో రహిమత్‌పూర్ బస్సెక్కాడు.

దిగాక కాలువ వెంబడి నడిచాడు. తొంభైలో ఇక్కడ చెరకు మకాం ఎక్కడుండేదని కనిపించినవాళ్లనల్లా అడిగాడు. కుర్రాళ్లకు తెలియదు. ఒకాయన ఈ గట్టు అన్నాడు, ఇంకొకాయన అవతలి గట్టు అన్నాడు. చివరికి మోటారు షెడ్డు దగ్గర ఒక ముసలాయన, ఆ రోజుల్లో ఏటా ఒక గుంపు వచ్చేదయ్యా, ఏటా ఒకరిద్దరు పోయేవాళ్లు, ఇదిగో ఈ మెలిక దగ్గరే కాల్చేవాళ్లు, ఎవరని గుర్తుపెట్టుకుంటాం, అన్నాడు. మీ మనిషా అని అడిగాడు. తాత్యా అవుననలేకపోయాడు, కాదనలేకపోయాడు. మెలిక దగ్గర అల్లం తోట ఉంది. దాన్ని చూస్తూ ఎండలో చాలాసేపు నిలబడి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చాడు.

హౌసా ఆయన చెప్పులకు అంటిన ఎర్రమట్టి చూసింది. సాతారాలో మట్టి నల్లగా ఉంటుంది. ఎక్కడికి వెళ్లారని అడగలేదు. చెంబుతో నీళ్లిచ్చింది. ఆయన తాగాక, పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"చెప్పండి."

"ఆ కాలంలో మకాంలలో మందులూ మాకులూ..." అని మొదలుపెట్టాడు తాత్యా. "అసలు కూలీల పిల్లలకి..."

హౌసా చెయ్యి ఎత్తింది. "అవి వద్దు. చూసింది చెప్పండి."

ఆయన ఆగాడు. బస్సు దిగిన చోటు నుంచి చెప్పాడు. కాలువ గట్టు మీద కంకర. షెడ్డులో ముసలాయన. మెలిక. అల్లం తోట మీద నల్లటి పైపులు. ఒక్కోచోట ఆమె ఆపి అడిగింది. కాలువ ఎంత వెడల్పు, నీళ్లున్నాయా, ఇళ్లు ఎంత దూరం, అరిస్తే వినపడేంత దూరమేనా. ఆయనకు తెలిసినంత చెప్పాడు, తెలియనిది తెలియదన్నాడు. ఇంత పొడుగు మాటలు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని ఎన్నేళ్లయిందో లెక్క కట్టబోయి మానుకున్నాడు.

"నీడ ఉందా అక్కడ?" అని అడిగింది హౌసా. "చెట్టేదైనా?"

ఉందని చెప్పాలనిపించింది. ఒక్క వేపచెట్టు ఉందంటే ఆమె మనసు ఎంత కుదుటపడుతుందో ఆయనకు తెలుసు. నాలుక దాకా వచ్చింది.

"లేదే," అన్నాడు తాత్యా. "ఏమీ లేదు. ఎండే."

హౌసా తలూపింది. ఆ సాయంత్రం తర్వాత ఒక మధ్యాహ్నం, ఆ తర్వాత మరొకటి, పనంతా అయ్యాక పీట లాక్కుని, బస్సు దిగిన దగ్గర్నుంచి మళ్లీ చెప్పమనేది. ఆయన మళ్లీ చెప్పేవాడు, ఒక్క మాట కలపకుండా.